తలుపు ఎవరిది వాళ్లకే

బిట్రగుంటలో మా ఊరి ట్రైన్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే, ఎదురుగా ఓ పాత బిల్డింగ్. సవలై రామస్వామి మొదలియార్ 19వ శతాబ్దంలో కట్టించిన సత్రం. రెండేళ్లు దాన్ని లాడ్జి అనుకున్నా. తాతయ్య నవ్వారు. "సత్రం అబ్బయా! లాడ్జీలో అడ్వాన్స్ అడుగుతారు, సత్రంలో ఏ ఊరని అడుగుతారు."

పాత సత్రాల ప్లాన్ గమనించారా? వీధివైపు అరుగులు, లోపల మండువా, చుట్టూ స్తంభాల వసారా, పెరట్లో బావి. గదులు తక్కువ, నడుం వాల్చే చోటు ఎక్కువ. ఎందుకంటే అది దారిన పోయేవాళ్ల ఇల్లు. రెండ్రోజులుండి కదలాల్సిందే. 1899లో విజయవాడ–చెన్నై లైను కలిశాక కాలినడక యాత్రలూ తగ్గాయి.

మరి పోవడానికి ఇంకో ఊరే లేనివాళ్లు?

ఇంగ్లండ్‌లో వాళ్లకోసం కట్టినవే ఆమ్స్‌హౌస్‌లు. వించెస్టర్ దగ్గర సెయింట్ క్రాస్ అని ఒకటుంది. 1130ల్లో హెన్రీ ఆఫ్ బ్లోయిస్ అనే బిషప్ పెట్టాడు. పనిచేసే ఓపికలేని 13 మంది పేదలకు నివాసం, రోజూ ఇంకో 100 మందికి భోజనం. ఇప్పటికీ దారినపోయేవాళ్లు అడిగితే చిన్న రొట్టెముక్క, కాస్త బీరు ఇస్తారు. (ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా?)

నాకు నచ్చింది బీరు కాదు, లేఅవుట్. 15వ శతాబ్దంలో కార్డినల్ బోఫర్ట్ కట్టించిన ఇళ్ల వరసలో పొగగొట్టాలు పొడుగ్గా, బారులు తీరి ఉంటాయి. ఎవరి గదులు వాళ్లవి, ఎవరి పొయ్యి వాళ్లది. బయటికొస్తే మాత్రం అందరికీ ఒకే పచ్చిక, ఒకే హాలు, ఒకే చర్చి. అయితే ఇదంతా మగవాళ్లకే. పైగా 19వ శతాబ్దంలో దాని పెద్దగా ఉన్న గిల్‌ఫర్డ్ ఎర్ల్ ఆదాయమంతా జేబులో వేసుకుంటే కోర్టుదాకా వెళ్లింది. మన గుడి మాన్యాల కథలాగే లేదూ!

తాతయ్య లోకోషెడ్‌లో ఫిట్టర్. రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ వదలాల్సొచ్చిందని ఇప్పటికీ చెప్తారు. నానమ్మ పోయాక అద్దింట్లో ఒక్కరే. చెన్నై ఫ్లాట్‌కి రమ్మంటే నాలుగో రోజుకి సంచి సర్దేస్తారు. మొన్న ఫోన్‌లో సెయింట్ క్రాస్ ఫోటోలు చూపించా. అద్దాలు తుడుచుకుని పొగగొట్టాలన్నీ లెక్కపెట్టారు.

"తలుపు ఎవరిది వాళ్లకేనా?"

"అవును తాతయ్యా."

"అరుగులేవి మరి?"