మూడోసారి ఎప్పుడంటారు?

గుడి ముందు కొబ్బరికాయల కొట్టు వేలమైనా, హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలమైనా, పాట ముగిసే తీరు మనందరికీ తెలిసిందే. "ఒకటోసారి... రెండోసారి... మూడోసారి!" అంతే, ఖాయం. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. ఇప్పుడు లక్షలు పలుకుతోంది. ఎంత పలికినా ఎక్కడో ఒకచోట ఆ మూడో పిలుపు వస్తుంది, జనం ఇళ్లకు వెళ్తారు.

మొన్న ఒక ఆన్‌లైన్ నాణేల వేలంలో ఆ పిలుపు కోసం రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాటేదాకా కూర్చున్నా. పొద్దున్నే తొమ్మిదికి ల్యాబ్ ఇంటర్నల్.

నాకు కావాల్సింది ఒక్క నాణెం, హైదరాబాద్ చార్మినార్ రూపాయి. ఏడో నిజాం కాలం రూపాయి తాతయ్య ఇచ్చింది నా దగ్గరుంది. దాని మీద చార్మినార్ ద్వారంలో ఉస్మాన్ పేరుకు గుర్తుగా 'ఐన్' అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ కాలం దాని మీదైతే అక్కడే 'మీమ్' ఉంటుంది. ఆ 'మీమ్' దొరికితే జత కుదురుతుంది. నాలుగు వేలు దాటకూడదని ముందే గట్టిగా అనుకున్నా.

వేలం ముగింపు తొమ్మిదికి అని రాశారు. తొమ్మిదికి 3,600తో నా పాటే పైన ఉంది. అయినా ముగియలేదు. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ ఐదు నిమిషాలు వెనక్కి వెళ్తుంది. దీన్నే ఎక్స్‌టెండెడ్ బిడ్డింగ్ అంటారు. ఇంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. కానీ అక్కడ లాట్లన్నింటికీ కలిపి ఒకటే గడియారం. ఎవరో ట్రావన్‌కోర్ నాణెం మీద వంద పెంచితే నా చార్మినార్ గడియారం కూడా వెనక్కి పోతుంది. మూడున్నర గంటలకు పైగా నా నాణెం మీద ఒక్కరూ పాడలేదు. నేను మాత్రం కాపలా కాస్తూనే ఉన్నా. 12:40కి ఎవరో కొత్త మనిషి వచ్చి 3,700 అన్నాడు. నేను 3,800. అతను 3,900. వంద, వంద, వంద. చివరికి 5,600కి నాణెం నాదైంది. కమిషన్, పన్ను అదనం. ఆ నెల మెస్ బిల్లు బాకీ పడింది.

"తప్పు నీదే కదా, నాలుగు వేల దగ్గర ఆపాల్సింది" అంటారు. ఒప్పుకుంటా. "నీ గరిష్ఠ మొత్తం ప్రాక్సీ బిడ్‌గా పెట్టి పడుకోవాల్సింది" అని కూడా అంటారు. అదీ సగం నిజం. కానీ పాత నాణేల్లో నకిలీలు చాలా ఉంటాయి, సరైన విలువ ఒక్కరికే తెలియదు. తెలిసినవాళ్లు ఎంతదాకా పాడుతున్నారో చూసే మనలాంటివాళ్లు అంచనా వేసుకుంటాం. అందుకే చివరిదాకా చూడాలనిపిస్తుంది. అయితే ఒంటిగంటకు నేను పెంచింది అంచనాతో కాదు, నిద్రమత్తులో పంతంతో. మనిషిని ఆ స్థితికి తెచ్చే నిబంధన గురించే నా గొడవ.

ఈ నిబంధన ఎందుకు పుట్టిందో చూద్దాం. ఈబేలో వేలం చెప్పిన సెకనుకు ముగుస్తుంది. కాబట్టి చివరి క్షణాల్లో దూకి పాడేవాళ్లు తయారయ్యారు, దాన్నే స్నైపింగ్ అన్నారు. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపింది. అక్కడ పది నిమిషాలు ఎవరూ పాడకపోతేనే ముగింపు. ఈ రెండింటినీ పోల్చి ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. చివరి నిమిషపు పాటలు ఈబేలోనే చాలా ఎక్కువని, అందులోనూ కంప్యూటర్ల కన్నా పురాతన వస్తువులకు ఎక్కువని తేల్చారు. తెలిసినవాడు ముందే పాడితే తనకు తెలిసిన సంగతి అందరికీ చెప్పేసినట్టే కదా! అంటే గడువు పొడిగింపు స్నైపింగ్‌ను నిజంగానే తగ్గిస్తుంది. మన "ఒకటోసారి, రెండోసారి" కూడా పొడిగింపే. కాకపోతే కొన్ని సెకన్లలో తేలిపోతుంది, అదీ ఆ ఒక్క వస్తువుకే.

మరి అన్నింటికీ ఒకే గడియారం అనే పద్ధతి ఎక్కడ అర్థవంతం? స్పెక్ట్రమ్ వేలంలో. 2010లో మన దేశపు 3జీ వేలం 34 రోజులు, 183 రౌండ్లు నడిచింది. అన్ని సర్కిళ్లూ కలిసే ముగిశాయి. అక్కడ దానికి కారణముంది. ఒక సర్కిల్ చేజారితే కంపెనీ ఇంకో సర్కిల్ వైపు డబ్బు మళ్లించాలి, లాట్లు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. పైగా అక్కడ యాక్టివిటీ రూల్ ఉంటుంది. మొదటి నుంచీ చురుగ్గా పాడుతూ రాకపోతే తర్వాత పాడే అర్హత తగ్గిపోతుంది. చివర్లో నిద్రలేచి వచ్చి దూకడం కుదరదు. మన నాణేల వేలంవాళ్లు ఇందులో ఒక్క సగమే తెచ్చుకున్నారు. అందరినీ కట్టిపడేసే సగం తెచ్చి, చివర్లో వచ్చేవాడిని ఆపే సగం వదిలేశారు. 12:40కి వచ్చినవాడు చేసింది ఏంటి మరి? ఐదు నిమిషాల గడియారం ఉన్నా అది స్నైపింగే.

అమ్మేవాళ్లకు మంచి ధర రావాలి కదా అని అడగొచ్చు. రావాలి. కానీ పొద్దున్నే డ్యూటీ ఉన్నవాడు పదకొండుకే పడుకుంటాడు. అతను ఏడు వేలు పెట్టగలిగినవాడైతే నష్టం అమ్మేవాళ్లకే. చివరికి నాణెం దక్కేది ఎక్కువ ఇష్టపడ్డవాడికి కాదు, ఎక్కువసేపు మేలుకున్నవాడికి.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. ఏ లాట్ గడియారం ఆ లాట్‌కే ఉండాలి. అసలు గడువులోపు ఆ లాట్ మీద పాడినవాళ్లకే పొడిగింపులో పాడే హక్కు ఉండాలి. పొడిగింపు పెరిగేకొద్దీ సమయం తగ్గాలి, పెంచాల్సిన మొత్తం పెరగాలి. ఐదు నిమిషాలు, మూడు, ఒకటి. వంద కాస్తా రెండొందలు, ఐదొందలు.

పదకొండుకు కచ్చితంగా ఆపేయమని మాత్రం అడగను. అప్పుడు 10:59:58కి స్నైపింగ్ మొదలవుతుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో కొవ్వొత్తి ముక్క వెలిగించి, అది ఆరేలోపు వచ్చిన చివరి పాటే ఖాయమనేవారు. ఎప్పుడు ఆరుతుందో ఎవరికీ తెలియదు కదా! అయినా ఆరబోయే ముందు పొగ కిందికి దిగుతుందని కనిపెట్టి సరిగ్గా అప్పుడే పాడేవాడి గురించి శామ్యూల్ పీప్స్ 1662లో తన డైరీలో రాసుకున్నాడు. ఏ నిబంధనకైనా లొసుగు ఉంటుంది. కానీ అక్కడ కొవ్వొత్తి ఎలాగూ ఆరిపోతుంది.

'మీమ్' రూపాయి ఇప్పుడు తాతయ్య ఇచ్చిన 'ఐన్' పక్కన ఉంది. చూసినప్పుడల్లా సంతోషమే, దాంతోపాటు ఆ ల్యాబ్‌లో తప్పు కనెక్షన్ ఇచ్చిన సర్క్యూటూ గుర్తొస్తుంది. ఈసారి నా హద్దు రాసి, ఫోన్ పక్కన పెట్టి పడుకుంటా, అది నా బాధ్యత. మూడోసారి అని ఎప్పుడంటారో ముందే చెప్పడం మాత్రం వేలం పెట్టేవాళ్ల బాధ్యత.