మోరి పాలైన తైలం

చలికాలం వచ్చిందంటే మా నిజామాబాదులో ఆడవాళ్ళ చేతులన్నీ ఒక్కలాగే ఉంటాయి. గోటితో గీస్తే తెల్లగా గీత పడుతుంది. పలక లేని పిల్లలు మన మోచేతుల మీదే ఓనమాలు దిద్దుకోవచ్చు. ఇక మడమల సంగతి చెప్పనే అక్కర్లేదు. దుప్పటి పోగులు ఆ పగుళ్ళలో చిక్కుకుని అర్ధరాత్రి నిద్ర లేపుతాయి.

నా చేతులు చూసి జాలిపడి, పోయిన సంక్రాంతికి మా ఆడపడుచు హైదరాబాదు నుంచి ఒక సీసా తెచ్చింది. స్నానపు తైలమట. "నీళ్ళల్లో రెండు మూతలు పోసుకో వదినా, ఒళ్ళు పట్టులా అవుతుంది" అంది. సీసా ముచ్చటగానే ఉంది. ధర చీటీ గీకేసింది కానీ, గీకిన చోట పన్నెండు వందలని ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ డబ్బుతో మా ఇంట్లో అందరికీ ఏడాది పొడుగునా కొబ్బరినూనె వస్తుందని నోటిదాకా వచ్చింది. ఆడపడుచు కదా, మింగేశాను.

మర్నాడు పొద్దున్నే బకెట్ వేణ్ణీళ్ళలో రెండు మూతలు పోశాను. తైలం కాస్తా పైకి తేలింది. మొదటి చెంబుతోనే సగం నెత్తిమీదకి వచ్చింది. మిగతాది బకెట్ అంచుకీ, చెంబుకీ, గచ్చుకీ అంటుకుని, చివరికి గోడవారగా మోరి దారి పట్టింది. నేను మాత్రం ఆ గచ్చు మీదే కాలు జారి, గోడ పట్టుకోబోయి మణికట్టు బెణికించుకున్నాను. ఆ చేత్తోనే స్నానాలగది కడుక్కున్నాను కూడా. కట్టు చూసి పక్కింటావిడ సంగతేమిటని అడిగింది. విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గింత పైసలు వెట్టి మోరికి తానం చేయిస్తివా వదినె!"

నేనూ నవ్వాను. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే అంతకు మించి సత్యం ఆ సీసా మీద ఎక్కడా రాసిలేదు.

ఆ తైలం ఎవరి స్నానాలగది చూసి తయారైందో కానీ, మనది చూసి మాత్రం కాదు. నిండా నీళ్ళున్న తొట్టిలో పావుగంట తీరిగ్గా పడుకునే వాళ్ళ కోసం పుట్టిన వస్తువది. మనం బకెట్, చెంబు వాళ్ళం. పోనీ, తొట్టి ఉన్నవాళ్ళకైనా అది ఉద్ధరించిందా? ఇంగ్లండు, వేల్సు దేశాల్లో ఎగ్జిమా ఉన్న 1 నుంచి 11 ఏళ్ళలోపు పిల్లలు 482 మందిని ఏడాదిపాటు పరీక్షగా చూశారు. కొందరికి స్నానపు నీళ్ళలో కలిపే తైలాలిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. అందరూ సబ్బు మానేసి ఒంటికి రాసుకునే లేపనాలు మాత్రం ఎప్పటిలాగే వాడారు. నీళ్ళలో తైలం కలిపినందువల్ల చెప్పుకోదగ్గ లాభమేమీ లేదని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తేల్చారు. ఒంటికి రాసిందే పనిచేసేది, నీళ్ళలో పోసింది కాదన్నమాట. ఎగ్జిమా వేరు, మన మామూలు పొడిచర్మం వేరు అని మీరనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ రోగమున్న పసివాళ్ళకే కలిసిరానిది, పగిలిన నా మడమకు పన్నెండు వందలు తీసుకుని ఏం ఒరగబెడుతుంది చెప్పండి?

అసలు మనం నూనె సంగతే తిరగేసి అర్థం చేసుకున్నాం. నూనె ఒంటికి తడినివ్వదు. ఉన్న తడిని పోనివ్వకుండా కాపలా కాస్తుంది, అంతే. చపాతీ పిండి కలిపి పక్కన పెట్టేటప్పుడు ముద్దమీద కాస్త నూనె రాస్తాం. ఎందుకు? పైన పొర ఎండిపోకుండా. అదే రెండు గంటలు గాలికి వదిలేసి, పైన బెరడు కట్టాక గిన్నెడు నూనె పోస్తే మెత్తబడుతుందా? మన చర్మమూ అంతే. చలిగాలి దాని తడి లాగేస్తుంది. మరీ వేడినీళ్ళూ, సబ్బూ దాని సొంత నూనెని కడిగేస్తాయి. ఆ పైన గిన్నెల సబ్బు, బట్టల సబ్బు మన చేతులకు అదనపు కానుకలు. కాబట్టి నూనె రాయాల్సింది నీళ్ళకీ కాదు, ఆరిపోయిన ఒంటికీ కాదు. స్నానం అయిపోయాక, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఇంకా చెమ్మ ఉండగానే. మూడే మూడు నిమిషాల్లో.

సీసా వాళ్ళను తిట్టేసరికి మా పెద్దవాళ్ళు మీసాలు లేకపోయినా దువ్వుకుంటారు. "మేం ముందే చెప్పలా? నువ్వులనూనె రాసుకుని, నలుగు పెట్టుకుని, మరిగే నీళ్ళు పోసుకుంటే ఈ జబ్బులుంటాయా?" అంటారు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. గంటసేపు నూనె మర్దనా చేసి, ఆ తరువాత దాన్ని ఒక్క చుక్క మిగలకుండా సున్నిపిండి పెట్టి బరబరా రుద్ది, పొగలు కక్కే నీళ్ళతో కడిగేస్తే చర్మానికి మిగిలిందేమిటి? పండగ మిగిలింది, అంతే. పండగ పూట ఆ సుఖం నేనూ కాదనను. మన ఇందూరు పసుపు వేసి కలిపిన నలుగు వాసనకి నాకూ ప్రాణం లేచొస్తుంది. కానీ ఎండి పగిలిన ఒంటిని రోజూ అలా తోమితే అది చర్మానికి సేవ కాదు, ఇత్తడి బిందెకు చేసే సేవ. గోరువెచ్చని నీళ్ళు, త్వరగా ముగిసే స్నానం, అవసరమైన చోటే సబ్బు. ఇంతకంటే పొడిచర్మం అడిగేదేమీ లేదు.

మరి ఏ నూనె అంటారా? ఫిలిప్పీన్స్‌లో పొడిచర్మం ఉన్న 34 మందికి కొందరికి కొబ్బరినూనె, కొందరికి మినరల్ ఆయిల్ ఇచ్చి రాయించారు. 2004లో ప్రకటించారు, రెండూ ఒక్కలాగే పనిచేశాయని. కాబట్టి ఇంట్లో తలకు రాసుకునేదే ఒంటికీ చాలు. మన దగ్గర డిసెంబరు పొద్దుల్లో కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకడుతుంది, నిజమే. దానికి 24 డిగ్రీల పైన వేడి తగలాలి. చిటికెడు తీసుకుని అరచేతుల మధ్య రుద్దితే తనే కరుగుతుంది. గిన్నెడు అక్కర్లేదు, చీరలకి జిడ్డు అంటుకునేంత అంతకంటే అక్కర్లేదు. రాసుకునేటప్పుడు కూర్చోండి, తడిగచ్చు మీద నిలబడొద్దు. నా మణికట్టు సాక్షి. ఎంత రాసినా దురద తగ్గకపోయినా, షుగరు ఉన్నవాళ్ళకి మడమ పగిలినా నా మాటా వద్దు, పక్కింటి మాటా వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంత సులువైతే మరి మన చేతులు ఎందుకిలా ఉన్నాయి? అసలు గొడవ ఇక్కడుంది.

నేను పుట్టి పెరిగింది బోధన్ శక్కర్‌నగర్‌లో. మా నాన్నగారు నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 1930లలో పుట్టి, ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు ఆడే రోజులూ, చలి రోజులూ ఒకటే. నాన్నగారి షిఫ్టు ఎప్పుడైతే మా ఇంట్లో కాగు కింద మంట అప్పుడు. ముందు ఆయన స్నానం, తరువాత నలుగురు పిల్లలం. దీపావళి ముందునాడు చీకటితో లేపి, అమ్మ మా అందరి తలలకీ, వీపులకీ నూనె పట్టించేది. హారతిచ్చేది. అందరివీ అయ్యాక, కాగు అడుగున మిగిలిన చల్లారిన నీళ్ళు నాలుగు చెంబులు తన మీద గుమ్మరించుకుని, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేది. గిన్నె అడుగున మిగిలిన నూనె మోచేతికి తుడుచుకునేది. రాసుకోవడం కాదు, తుడుచుకోవడం. ఆవిడ వీపుకి నూనె రాసినవాళ్ళెవరో నాకు గుర్తులేదు. ఎవరూ రాయలేదు కాబట్టి.

ఆవిడ మడమల్లో నెత్తురు కనిపించేది. ఇంట్లో నూనె లేక కాదు సుమా. డబ్బా నిండా ఉండేది. లేనిది మూడు నిమిషాలు.

ఇప్పుడు గీజరొచ్చింది, కాగు పోయింది. ఆ మూడు నిమిషాలు మాత్రం ఇంకా రాలేదు. నేను గడియ వేసుకున్న మరుక్షణం తలుపు అవతల మొదలవుతుంది: "అమ్మా, నా సాక్సులు!" "ఏమోయ్, పాలు పొంగుతున్నాయి!" పాలు పొంగుతున్నాయని అరిచే ఓపిక ఉన్న మనిషికి స్టవ్ ఆపే ఓపిక ఉండదేమిటో! ఒంటి మీద నీళ్ళు ఆరకముందే చీర చుట్టుకుని బయటపడతాం. చర్మం అక్కడే ఎండుతుంది.

ఈ బలహీనత కనిపెట్టే మనకి సీసాలు అమ్ముతున్నారు. 'మీ కోసం కాసేపు' అన్న ఆశని పన్నెండు వందలకి బేరం పెడుతున్నారు. కొన్న సీసా అల్మారాలో ఉంటుంది. ఆ కాసేపు మాత్రం దాంతోపాటు పొట్లం కట్టి ఇవ్వరు. అది దుకాణంలో దొరికేది కాదు, మన ఇంట్లో మనం అడిగి తీసుకోవాల్సింది. అడిగితే ఇవ్వరా? ఇస్తారు. మనమే అడగం. అందరి తలలూ అంటి, మన వంతు వచ్చేసరికి "నాదేముందిలెండి" అంటాం. ఆ "నాదేముందిలెండి"యే మన మడమల్లో పగిలేది.

నేను అడిగేశాను. సంక్రాంతి తరువాత ఒక రోజు లోపలి నుంచే గట్టిగా చెప్పాను: "మూడు నిమిషాలు ఎవరూ పిలవొద్దు. పాలు పొంగితే పొంగనీండి." మొదటి రోజు నిజంగానే పొంగాయి. స్టవ్ ఎవరు తుడవాలో చూపించాను. రెండో రోజు నుంచి పొంగలేదు.

ఆ సీసాలో మిగిలిన తైలం పారేయలేదు, పన్నెండు వందలు మరి! బకెట్లో కాకుండా, స్నానమయ్యాక తడి ఒంటికి చుక్క చుక్కగా రాసి వాడేశాను. మొన్న ఆడపడుచు ఫోన్ చేసి "తైలం బాగా పనిచేసిందా వదినా?" అని అడిగింది.

"భేషుగ్గా చేసింది" అన్నాను. ఎలా చేసిందో ఇక్కడ చదువుకుంటుందిలెండి.