ఓడెక్కేవారు ఏం కట్టుకోవాలి?

"అమెరికాలో ఉన్న మా అబ్బాయి మమ్మల్ని అలాస్కా ఓడ ఎక్కిస్తున్నాడు. ఏడు రోజుల ప్రయాణం. మా వారికి 68 ఏళ్ళు, చక్కెర జబ్బు ఉంది. నాకు 62, రక్తపోటుకు మాత్ర వేసుకుంటాను. చీర తప్ప మరొకటి కట్టి ఎరగను. ఏం సర్దుకోమంటారు?" అని రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచు వస్తున్నాయి. ఇది బట్టల కొట్టులో అడగవలసిన ప్రశ్న గదా, డాక్టరుకెందుకు అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వకండి. ఓడ మీద పెద్దవాళ్ళకు జరిగే కీడులో చాలా భాగం కాలి కిందా, ఒంటి మీదా ఉన్నవాటి వల్లనే.

అలాస్కా అనగానే మంచుగడ్డల్లో బిగుసుకుపోతామేమోనని భయపడనక్కరలేదు. ఓడలు అటు తిరిగేది వేసవి నెలల్లోనే. జూన్, జులైలలో జూనో పట్టణంలో పగలు 16, 18 డిగ్రీలు ఉంటుంది, రాత్రి 10కి దిగుతుంది. చలికాలంలో అరకులోయ చూసివచ్చినవారికి ఇది కొత్త గాదు. చిక్కంతా గాలితోను, వానతోను. ఓడ 20 నాట్ల వేగంతో పోతున్నదంటే గంటకు 37 కిలోమీటర్లన్నమాట. బయట ఆకు కదలకపోయినా డెక్కు మీద నిలబడ్డవారికి అంత గాలీ మొహాన కొడుతుంది. 10 డిగ్రీల చలి ఆ గాలిలో ఒంటికి 6 డిగ్రీల లాగా తగులుతుంది. ఇక కెచికాన్ అనే ఊళ్ళో ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన పడుతుంది. మన విశాఖపట్నంలో పడేదానికి మూడింతలు. ఆ ఊరివాళ్ళు వాన వెలిసేదాకా ఆగుదామని ఎవరూ అనుకోరట, అనుకుంటే గడప దాటలేరు.

తడిసిన ఒంటి నుంచి వేడి చాలా త్వరగా పోతుంది. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. మనం ఎంతగానో నమ్ముకున్న నూలుబట్ట ఇక్కడే మోసం చేస్తుంది. మన ఎండల్లో అది దేవుడిచ్చిన వరం. చెమటను పీల్చి ఒంటిని చల్లబరుస్తుంది. అక్కడ కూడా అదే పని చేస్తుంది, మనకు అక్కరలేని పని! తడిసిన నూలు బనీను ఆరదు, ఒంటిని అంటిపెట్టుకుని వేడిని తోడేస్తుంది. కాబట్టి లోపల ఉన్నిది గాని, థర్మల్ అని అమ్మే కృత్రిమ నూలు బనీను, పైజమా గాని వేసుకోండి. దానిపైన స్వెట్టరు. ఆపైన గాలీ వానా దూరని, తలకు టోపీ ఉన్న కోటు. ఒక్క లావుపాటి కోటుకన్నా అరటిబోదెలా పొర మీద పొర మేలు. పొరల మధ్య నిలిచిన గాలే మనకు దుప్పటి. నడిస్తే ఉక్కపోస్తుంది, అప్పుడు ఒక పొర విప్పుకోవచ్చు. చెమట పట్టేదాకా ఆగకండి. గొడుగు వద్దు. గాలికి తిరగబడుతుంది, పైగా కటకటా పట్టుకోవలసిన చేతిని పని లేకుండా చేస్తుంది.

వయసు మీరినవారికి ఇదంతా ఎందుకింత ముఖ్యమంటే, వారిలో వణుకు ఆలస్యంగా మొదలవుతుంది. చలేస్తున్నదని ఒళ్ళు చెప్పేసరికే వేడి తగ్గి ఉంటుంది. చలిగాలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెనొప్పి ఉన్నవారు మంచుకొండ చూడాలని గంటసేపు డెక్కు మీద నిలబడి, ఆ తర్వాత గబగబా మెట్లెక్కడం మంచిది గాదు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు లోపలి జేబులో ఉండాలి, క్యాబిన్‌లో గాదు. ఉబ్బసం ఉన్నవారు మఫ్లరు ముక్కు మీదుగా చుట్టుకోండి. ఇన్‌హేలరు కూడా ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి, చల్లబడితే మందు సరిగా రాదు. మన మంకీ క్యాప్‌ను చూసి మనవలు నవ్వితే నవ్వనివ్వండి.

ఇక చీర సంగతి. చీర వద్దని నేను చెప్పను. అరవై ఏళ్ళ అలవాటును ఏడు రోజుల కోసం మార్చుకోమంటే, ఆ బెరుకుతోనే అడుగు తడబడుతుంది. ఓడలో భోజనానికి, పాటకచేరీకి, కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి చీర చక్కగా సరిపోతుంది. కాని నాలుగు జాగ్రత్తలు కావాలి. లోపల లంగాతోపాటు థర్మల్ పైజమా తొడుక్కోండి. అంచు చీలమండకు పైనే ఆగాలి. నేలను ఊడ్చే కుచ్చిళ్ళు ఊగే ఓడ మీద ప్రాణాంతకం. ఓడ తలుపులు కొన్నింటికి జానెడు ఎత్తు ఇనుప గడప ఉంటుంది, మన ఇంటి గడపలా పసుపు రాసి కనిపించదు. ఆరుబయటికి వెళ్ళేటప్పుడు పైటకొంగు పిన్నీసుతో బిగించి కోటు లోపల దోపండి. నూలు చీర, పట్టుచీర తడిస్తే బరువెక్కుతాయి. త్వరగా ఆరే సాదా సిల్కు రకాలు పగటిపూటకు మంచివి.

రేవులో దిగి ఊరు చూడబోయే రోజు మాత్రం సల్వారు కమీజో, పొడవు చొక్కాతో ప్యాంటో వేసుకోండమ్మా. కొన్ని చోట్ల ఓడ రేవు దాకా రాదు. చిన్న పడవలోకి అడుగు వేసి దిగాలి. పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ అడుగుకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, రెండు కాళ్ళూ కనబడాలి. చేతిసంచి బదులు వీపుకు తగిలించుకునే సంచి తీసుకోండి. ముట్లు నిలిచిపోయిన స్త్రీలలో ఎముకలు గుల్లబారి ఉంటాయి. ఒక్కసారి జారితే తుంటి ఎముక విరుగుతుంది. విహారయాత్ర కాస్తా ఆపరేషనై కూర్చుంటుంది.

పాదరక్షల విషయంలో కొంచెం కఠినంగా మాట్లాడతాను. హవాయి చెప్పులు తడి డెక్కు మీద సబ్బు ముక్కలు. ఎత్తు మడమల జోళ్ళు ఊగే నేల మీద అంతకన్నా అన్యాయం. జారని రబ్బరు అడుగు ఉన్న మూసిన బూట్లు రెండు జతలు కావాలి, ఒకటి తడిస్తే రెండోది. సాయంత్రం పూట కొనండి. పొద్దుటికన్నా సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రక్తపోటుకు అమ్లోడిపిన్ వేసుకునేవారికి మరీను. కొన్నాక మూడు వారాలు ఇంట్లో తొడుక్కుని తిరగండి.

చక్కెర జబ్బు ఉన్నవారు ఈ మాట రెండుసార్లు చదవండి. ఇలాగే విహారయాత్రకు వెళ్ళివచ్చిన ఒక రిటైర్డు ఉద్యోగి మా ఓ.పి.కి వచ్చారు. ప్రయాణం కోసమని కొన్న కొత్త బూట్లను మొదటి రోజే తొడుక్కుని నడిచారు. బొబ్బ లేచింది. కాళ్ళలో స్పర్శ తగ్గినందువల్ల నొప్పి తెలియలేదు. మేజోడు నెత్తురుకు అతుక్కుంటే గాని చూసుకోలేదు. పైగా ఎవరితోనూ చెప్పలేదు, పిల్లల సరదా పాడవుతుందని! మా దగ్గరికి వచ్చేసరికి పుండు ఎముక దాకా పోయింది. బొటనవేలు తీసేయవలసి వచ్చింది. అందుకని ప్రతి రాత్రీ పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలు కింద చిన్న అద్దం పెట్టుకుని చూడండి. కనబడకపోతే భార్యో భర్తో చూడాలి. మేజోళ్ళు బిగుతు పట్టీ లేనివి రోజుకొక జత. డెక్కు మీద ఎండకు కాగిన పలకల మీద ఉత్త కాళ్ళతో నడవవద్దు. వేడినీళ్ళ తొట్టెలో దిగేముందు నీళ్ళ వేడిని మోచేత్తో గాని, మరొకరి చేత గాని చూపించండి. రక్తపోటు మాత్ర వేసుకునేవారు అందులోంచి లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి, నెమ్మదిగా లేవాలి.

మంచు మీద పడ్డ ఎండ 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. చల్లగా ఉన్నా నల్ల కళ్ళద్దాలు, గడ్డం కింద కట్టుకునే టోపీ అవసరమే.

అన్ని ఓడలూ చల్లటి సముద్రానికే పోవు. 2022 జూన్‌లో మన విశాఖ రేవు నుంచే చెన్నైకి విహార నౌక నడిచింది. అలాంటి చోట మన వదులు నూలుబట్టలే రాజా. కాకపోతే ఓడ లోపలి హాళ్ళలో ఏ.సీ. చలి ఎక్కువ, శాలువా ఉంచుకోండి. ఈతకొట్టిన తడిబట్టతో గంటలు గంటలు కూర్చుంటే గజ్జల్లో తామర వస్తుంది. బార్బడోస్, జమైకా వంటి దీవులకు వెళ్ళేవారు మిలిటరీ మచ్చల బట్టలు తీసుకెళ్ళవద్దు. అక్కడ పౌరులు అవి ధరించడం నేరం.

కడుపులో తిప్పేవారు నడుము బిగుతుగా కట్టుకోకండి. వాంతికి మాత్రలు బయలుదేరకముందే వేసుకోవాలి గాని, ప్రోస్టేటు వాపు, నీటికాసులు ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా వేసుకోరాదు. వాటిలో కొన్ని మూత్రం బిగబట్టిస్తాయి, మత్తు తెచ్చి పడేస్తాయి. చెవి వెనక అంటించే పట్టీదీ అదే సంగతి. దాన్ని ముట్టుకున్న చేత్తో కన్ను నులుముకోకండి.

ఓడ కదిలేముందు లైఫ్ జాకెట్ కట్టుకోవడం, ఎక్కడ గుమిగూడాలో నేర్పుతారు. తప్పించుకోకండి. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఓడ రాతికి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన కొన్ని వందల మందికి ఆ శిక్షణ ఇంకా జరగనేలేదు. జాకెట్ పట్టీలు పైట మీదుగా రావాలి, కొంగు వేలాడకూడదు. పడుకునేముందు స్వెట్టరు, బూట్లు, కళ్ళజోడు, మందుల సంచి మంచం పక్కన ఒకేచోట పెట్టుకోండి.

ఒకటి రెండు రాత్రులు దర్జా దుస్తులతో భోజనానికి రమ్మంటారు. దానికి కంగారు పడి కోటూ బూటూ కొననక్కరలేదు. ఆడవారికి పట్టుచీర, మగవారికి ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, ఉంటే ఒక కోటు చాలు. లుంగీ మాత్రం క్యాబిన్ తలుపు దాటకూడదు!

పెద్ద పెట్టెలు ఓడవాళ్ళకు ఇస్తే అవి గదికి చేరడానికి గంటలు పట్టవచ్చు. ఆ పూట మందులు, ఒక జత బట్టలు, శాలువా చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిను విమానంలో కూడా పెద్ద పెట్టెలో వేయకండి, గడ్డకడితే పనికిరాదు. ఇస్త్రీపెట్టె సర్దుకోకండి. నిప్పు భయానికి దాన్ని గదుల్లో వాడనివ్వరు, ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు.