కాలిన కొండ మీద గుంటలు తవ్వకండి

ఎండలు ముదిరి శేషాచలం కొండలకి నిప్పంటుకుందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, కొండంతా బూడిదైపోయింది, పిల్లల్ని తీసుకెళ్లి మొక్కలు నాటిద్దాం" అంటారు. తిరుపతిలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి సంతోషంగా ఒప్పుకుంటానని వాళ్ల నమ్మకం. నేను వద్దంటాను.

ఒక ఏడాది మంట ఆరిన వారానికి కొండ వాలు మీదికి వెళ్లాను. వెంట ఆవులు తోలుకునే పెద్దాయన ఉన్నాడు. బూడిదలో అక్కడక్కడా నల్లటి మోళ్లు. వాటిలో ఒకటి ఇక్కడివాళ్లు పేరిత అనే చెట్టు, సైకస్ బెడ్డోమీ. మన తూర్పు కనుమల్లో, అదీ ముఖ్యంగా తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. చూడగానే నాకు కడుపులో దేవినట్టయింది. పెద్దాయన మాత్రం "ఏం గాదులేమ్మా, వేరు సావలేదు గదా" అన్నాడు.

మూడు వారాలకి మళ్లీ వెళ్లాను. ఆ నల్లటి మోడు నడినెత్తిన ఒక్క విడతలో ఆకులన్నీ లేచాయి. వంగి చూస్తే ఆకు మీది సన్నని రెక్క ఒక్కొక్కటీ గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంది, మీద లేత నూగు. మంటకి మాడింది కాండం చుట్టూ పొలుసుల్లా అతుక్కున్న పాత ఆకుల మొదళ్లే. లోపలి మొగ్గని అవే కాచాయి.

ఎర్రచందనానిది ఇంకో తీరు. ముదిరిన చెట్టుకి మొసలి వీపులా పలకలు పలకలుగా మందపాటి బెరడు. లేత మొక్క పైన మాడినా, అడుగున వేరు బతికుంటే వానలకి మళ్లీ పిలక వేస్తుంది. బోద గడ్డి దుబ్బులైతే అందరికంటే ముందే పచ్చబడతాయి. పైన మంట ఎంత ఎగిసినా జానెడు లోతున మట్టి పెద్దగా వేడెక్కదు. కొండ ప్రాణం ఆ జానెడు కిందే ఉంటుంది. సరిగ్గా అక్కడికే మనం గడ్డపార దించుతున్నాం.

అలాగని మంట మంచిదని నేననను. ఇక్కడి మంటలు దాదాపు అన్నీ మనిషి పెట్టినవే. కొత్త గడ్డి కోసం ఒకరు అంటిస్తారు, ఇంకొకరు బీడీ ముక్క ఆర్పకుండా పడేస్తారు. లేత మొక్క బెరడు ముదరడానికి కొన్నేళ్లు పడుతుంది. ఏటేటా కాలిస్తే అది మోకాలెత్తు దాటదు, వాలంతా గడ్డే మిగులుతుంది, ఆ గడ్డి మరుసటేడు ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. పేరితకి ఇంకో గండం కూడా ఉంది. మగచెట్టు నెత్తిన వచ్చే శంకువుని మందుకని కోసుకుపోతారు. పుప్పొడి లేక ఆడచెట్టు గింజ కట్టదు. ఎన్ని మంటలకి తట్టుకున్నా ఆ కొడవలికి అది తట్టుకోలేదు.

2014 మార్చిలో తిరుమల అడవి తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లాల్సి వచ్చింది. అంతదాకా రాకుండా చూసేది ఎండాకాలం కూలికి కాపలా ఉండే ఫైర్ వాచర్లే. గుంటలకి పెట్టే డబ్బు వాళ్లకి ఇంకో రెండు నెలల కూలిగా ఇవ్వండి. కాలిన వాలుని రెండు వానాకాలాలు తాకకండి, పశువుల్నీ తోలకండి.

ఈసారి ఫోన్ చేసినవాళ్లకి ఒకటే చెప్పాను. పిల్లల్ని ఫిబ్రవరి మొదట్లోనే తీసుకురండి. అటవీశాఖ వాళ్లనడిగి, మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే ఫైర్ లైన్ల మీద రాలిన ఎండుటాకు ఊడ్చి వద్దాం. చీపుర్లు నేను తెస్తాను.