ఆర్మర్డ్ కేబుల్ ఇనుప తీగలకూ ఎర్త్ ఇవ్వాలి



వానలు మొదలైతే చాలు, స్టార్టర్ డబ్బా ముట్టుకుని రైతు చనిపోయాడన్న వార్త జిల్లా పేజీల్లో ఏదో ఒక మూల కనిపిస్తుంది. తడి చేతులనీ, అజాగ్రత్త అనీ రాస్తారు. ఆ డబ్బాకు కరెంటు ఎట్లా వచ్చిందన్నది మాత్రం వార్తలోకి రాదు.

మా నవాబుపేట వైపు కూరగాయల తోటలకూ కోళ్ల షెడ్లకూ ఆర్మర్డ్ కేబుల్, అంటే లోపలి కోర్ల చుట్టూ ఇనుప తీగల కవచం (ఆర్మర్) ఉన్న కేబుల్, వేయించుకునేవాళ్లు పెరిగారు. మంచిదే. కట్టెల మీద వేలాడే వైరు కంటే భూమిలో పూడ్చిన కేబుల్ ఎంతో మేలు. కానీ వేస్తున్న తీరు చూస్తే భయమేస్తుంది. కొసన పై తొడుగు ఒలిచి, ఇనుప తీగలను హాక్సా బ్లేడుతో కోసి, టేపు చుట్టి, లోపలి కోర్లను మాత్రం స్టార్టర్‌లోకి తోస్తారు. కేబుల్ కొసను డబ్బాకు బిగించే గ్లాండు ఉండదు, ఉంటే ప్లాస్టిక్‌ది. ఆ తీగలు మీటరు దగ్గరా ఎర్త్‌కు కలవవు, మోటారు దగ్గరా కలవవు.

కేబుల్ మట్టిలోనే ఉంది కదా, మళ్లీ ఎర్త్ ఎందుకని అడుగుతారు. ఇనుప తీగల మీద పీవీసీ తొడుగు ఉంటుంది కాబట్టి వాటికి మట్టి తగలదు. గడ్డపార దెబ్బో జేసీబీ పన్నో తొడుగును చీల్చి, తీగను లోపలి ఫేజుకు ఒత్తిందనుకోండి. ఆ గాటు దగ్గర మట్టిలోకి పోయే కొద్దిపాటి కరెంటుకు ఎంసీబీ పడదు. మోటారు నడుస్తూనే ఉంటుంది. కేబుల్ పొడవునా ఉన్న ఇనుమంతా కరెంటు తీగ అయిపోతుంది. కోసి వదిలేసిన కొస స్టార్టర్ డబ్బాకు తగిలిందా, డబ్బా కూడా అంతే.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, దాని న్యూట్రల్ ఎర్త్‌కు ఆర్మర్‌ను గట్టిగా కలిపిన ఫ్యాక్టరీలో ఇట్లాంటి లీకు వస్తే ఫ్యూజు వెంటనే ఎగిరిపోతుంది. పొలంలో ఆర్మర్‌ను కలిపేది ఎర్త్ గుంతకే కాబట్టి అంత సులువు కాదు. ఎర్త్ గుంత రెసిస్టెన్సు 20 ఓములుంటే, 230 వోల్టులకు పారేది పదకొండున్నర ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోదు. అందుకే ఆర్మర్ ఎర్తింగ్‌తో పాటు లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ కూడా కావాలి. ఆర్‌సీసీబీ ఒక్కటే చాలదా అంటే, ఎర్త్ లేనిచోట అది చాలాసార్లు పడేది మనిషి ఒంట్లోంచి కరెంటు పోయినప్పుడే. ఎర్త్ ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది. న్యూట్రల్‌నే డబ్బాకు కట్టి ఎర్తింగ్ అయిపోయిందనేవాళ్లూ ఉన్నారు. ఆ న్యూట్రల్ తెగిన రోజున డబ్బాయే ప్రాణం తీస్తుంది.

తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. నేలంతా ఎప్పుడూ నీళ్లూ రాతి బురదా. బండలు లాగేటప్పుడు కేబుల్ ఒరుసుకుపోతుంది. అడుగున రాతి పొర ఉన్నచోట మంచి ఎర్త్ గుంత దొరకడమూ కష్టమే.

ఆర్మర్‌కు ఎర్త్ ఇవ్వాలన్నది కొత్త నిబంధన కాదు. కరెంటు తీగలను కప్పి ఉంచే లోహపు తొడుగులన్నీ ఎర్త్‌కు కలవాలనీ, జంక్షన్ బాక్సుల దగ్గర కూడా ఆ కలయిక తెగకూడదనీ 1956 నాటి భారత విద్యుత్ నియమాలే చెప్పాయి. పని కూడా పెద్దదేమీ కాదు. ఇత్తడి గ్లాండు ఎక్కించి, తీగలను దాని కోను మీద విప్పార్చి, నట్టు బిగించాలి. గ్లాండు కూర్చునేచోట డబ్బా రంగును మెరిసేదాకా గీకాలి. ఎర్త్ ట్యాగ్ పెట్టి, అక్కడి నుంచి తీగను మెయిన్ ఎర్త్‌కు కలపాలి. ఉక్కు రాగి అంత బాగా కరెంటును మోయదు కాబట్టి ఆర్మర్ ఒక్కదాన్నే నమ్మకుండా పక్కన వేరే ఎర్త్ తీగ కూడా వేయాలి. కేబుల్‌కు వేలు పోసినవాళ్లు గ్లాండు దగ్గర పీనాసితనం చూపడం నాకు మింగుడుపడదు.

కొత్త సర్వీసు ఇచ్చేటప్పుడు విద్యుత్ శాఖ సిబ్బంది మీటరుకు సీలు వేసి వెళ్లిపోకుండా, గ్లాండు, ఆర్మర్ ఎర్త్ చూసి, టెస్టింగ్ మీటరుతో పరీక్షించాకే సరఫరా ఇవ్వాలి. రైతు సోదరులకు, యూనిట్ల యజమానులకు నా మనవి ఒక్కటే: ఈసారి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మెయిన్ ఆపించి, డబ్బా తెరిపించి, కేబుల్ ఇనుప తీగలు ఎక్కడ కలిశాయో చూపించమని అడగండి. చూపించలేకపోతే అది సరిచేసేదాకా స్విచ్ వేయనివ్వకండి.

— ఒక పాఠకుడు, నవాబుపేట, వికారాబాద్ జిల్లా