తెరపై పాఠం, తరగతిలో గురువు

పాఠం ఇంటికి వచ్చినంత మాత్రాన చదువు వచ్చినట్లేనా? ఈ ప్రశ్నను మన ముందు నిలిపినది 2020వ సంవత్సరం. ఆ మార్చి నెలలో కరోనా వ్యాధి కారణంగా రాష్ట్రంలోని పాఠశాలలు మూతపడినవి. సెప్టెంబరు 1 నుండి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనవి. బడి మూగవోయిన వేళ ఆ ప్రయత్నం మెచ్చదగినదే.

దూరాన ఉండి నేర్చుకొనుట మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరం పాటు ఉపగ్రహం సాయంతో, సైట్ పథకం కింద, ఆంధ్రప్రదేశ్ పల్లెలకు టెలివిజన్ పాఠాలు చేరినవి. అయితే నాడు పిల్లలు బడిలోనే కలిసి కూర్చుండి చూచిరి. 1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం పని చేసుకొంటూ చదువుకొనే పెద్దలకు దారి చూపినది. పెద్దలకు తమ గమ్యం తెలుసు. పసివారికి దారి పొడవునా చేయి పట్టుకొనేవారు కావలెను.

మన ప్రాంతపు ఇళ్లను తలచుకొందము. ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015లో మూతపడినది. కోరుట్ల, జగిత్యాల పరిసరాలలో ఎందరో తల్లులు బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారు. సిరిసిల్లలో బ్రతుకు మరమగ్గాలపై సాగుతున్నది. ఎందరో తండ్రులు గల్ఫ్ దేశాలలో ఉన్నారు. ఇటువంటి ఇంట ఒకటే ఫోను ఉన్నచో పాఠం వినవలసినది అన్నా, చెల్లెలా? ఆ ఫోను పనికి పోయే పెద్దవారితోనే వెళ్లిపోయినచో ఇద్దరికీ పాఠం లేనట్లే.

ఫోను ఉన్నంత మాత్రాన లోటు తీరదు. గణితంలో ‘భిన్నం’ అనే మాటను తీసుకొందము. ఉర్దూ పుస్తకంలో అదే ‘కస్ర్’. రెండు మాటలూ బాలునికి బరువే. తరగతిలోని గురువు వాని ముఖం చూచి, అర్థం కాలేదని గ్రహించి, రొట్టెను నాలుగు ముక్కలు చేసి ‘పావు’ అంటాడు. ‘పావు’ తెలుగింటి మాట, ఉర్దూ ఇంటి మాట కూడా. అక్కడ పిల్లవాని కన్ను వెలుగుతుంది. తెరకు ఆ ముఖం కనబడదు. అది తన వేగాన తాను సాగిపోతుంది. అడగలేని పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు.

కావున మా అభిప్రాయం ఒక్కటే: తెర గురువుకు తోడు కావచ్చును, గురువుకు బదులు కారాదు. విన్న పాఠాన్ని మరల వినుటకు అది మేలైన సాధనం. మొదటిసారి నేర్పుటకు మనిషే కావలెను.

నాడు బడికి దూరమైన పసివారే రేపు మన కళాశాల మెట్లు ఎక్కవలసినవారు. వారి పునాదిలో మిగిలిన ఖాళీలను పూడ్చుట మన బాధ్యత. సాయంకాలం రెండు గంటలు కళాశాలలో ఒక గదిని, దీపాన్ని సమకూర్చవలసినదిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. తెలుగులోను, ఉర్దూలోను చెప్పుటకు విద్యార్థులమైన మేము సిద్ధముగా ఉన్నాము. పిల్లల ఎదుట కూర్చుండి, వారి ముఖాలు చూస్తూ చెప్పుదుము.