దోస్తుల మజాక్‌లోకి దూరిన పిస్తోలు

మా ఉర్దూ మీడియం బడి దోస్తులు ఇప్పుడు ఒక్క ఊళ్లో లేరు. సరూర్‌నగర్‌లో కొందరు, మలక్‌పేటలో కొందరు, జెద్దాలో ఇద్దరు, అమెరికాలో ముగ్గురు. ఇషా నమాజ్ అయ్యాక ఫోన్లలో ముచ్చట్లు మొదలవుతాయి. మొన్న ఒకడు కొత్త ఆట పెట్టాడు: ఇంట్లో ఎవరికీ చెప్పని ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. తొమ్మిదో జమాత్‌లో హిసాబ్ పరీక్షకు చిట్టీలు పట్టుకెళ్లానని ఒకడన్నాడు. రోజా ఉన్నానని చెప్పి మిర్చి బజ్జీలు తిన్నానని ఇంకొకడు. బేగంకు తెలియకుండా షుగర్ గోలీలు మానేశానని మరొకాయన. అందరం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఉండగా డల్లాస్ వైపు ఉండే దోస్త్ రాశాడు: "నా మంచం పక్క సొరుగులో పిస్తోల్ ఉంది. అమ్మీకి తెలియదు."

దానికీ నవ్వే బొమ్మలే వచ్చాయి. "వాహ్ రే పహిల్వాన్" అన్నారు. వచ్చేటప్పుడు మాకూ ఒకటి తెమ్మన్నారు. ఇక్కడ లైసెన్స్ కావాలంటే ఎవరిని పట్టుకోవాలని ఒకాయన నిజంగానే అడిగాడు. జెద్దా దోస్త్ మాత్రం "ఇంట్లో పిల్లలున్నారు కదరా" అన్నాడు. అక్కడి నుంచి బహస్ అరగంట నడిచింది. తర్వాత ఎవరో బిర్యానీ వీడియో పెడితే అందరూ అటు మళ్లారు.

బహస్ అయిపోయింది గానీ సంగతి అయిపోలేదు. మన ఇలాఖాలో అయితే అసలే కాదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, అమెరికా వీసా కన్సల్టెన్సీల బోర్డులు. జాగా అమ్మి, బ్యాంకు లోను తీసుకుని పిల్లల్ని పంపే అమ్మీ అబ్బాలు ఇక్కడ వేలల్లో ఉన్నారు. ఆ దారిలోనే మయ్యత్‌లు తిరిగొచ్చాయి. 2023 మే 6న టెక్సస్‌లోని అలెన్ ఊళ్లో ఒక షాపింగ్ మాల్ దగ్గర ఒకడు కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో ఒక అమ్మాయి ఇంజనీరు. ఆమె ఖాందాన్ ఉండేది మన సరూర్‌నగర్‌లోనే. 2025 జనవరిలో చైతన్యపురి వైపు కాలనీ నుంచి వెళ్లిన యువకుడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఎల్బీనగర్ నుంచి పైచదువుకు వెళ్లి, టెక్సస్‌లో ఒక గ్యాస్ స్టేషన్‌లో పని చేస్తున్న యువకుడు. ముగ్గురికీ ఎవరితోనూ దుష్మనీ లేదు. ఒకరు బజారుకు వెళ్లారు, మిగతా ఇద్దరూ చదువుకుని బతుకు వెతుక్కుంటున్నవాళ్లు.

ఇవి వేరేవాళ్ల చేతుల్లోని తుపాకులు. 2024 నవంబర్‌లో మన పక్కనే ఉన్న ఉప్పల్ ఇంటికి వచ్చిన ఖబర్ ఇంకో రకం. అట్లాంటాలో చదువుకుంటున్న కుర్రాడు తన సాలగిరా రోజు, తాను కొనుక్కున్న వేట తుపాకీని శుభ్రం చేస్తుంటే అది పేలింది. దోస్తులు పక్క గదిలో ఉన్నారు. ఆ అబ్బాయి చేతికి తుపాకీ ఎలా వచ్చిందని వాళ్ల అబ్బాజాన్‌లాంటి తండ్రి ఎంత అడిగినా ఏం లాభం?

ఎలా వస్తుందో మాత్రం మనం తెలుసుకోవాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ అమ్మకూడదనే అమెరికా ఫెడరల్ ఖానూన్ చెబుతుంది. కానీ ఆ ఖానూన్‌లోనే ఒక కిటికీ ఉంది. వేటకు లైసెన్స్ ఉంటే మినహాయింపు. ఇక అక్కడి పౌరులకైతే తుపాకీ కొనడానికి ఫెడరల్ లైసెన్స్ అన్నదే అక్కర్లేదు. దుకాణంలో కొంటే పాత కేసులేమైనా ఉన్నాయా అని కంప్యూటర్‌లో చూస్తారు. ఒక మనిషి తన సొంత తుపాకీని ఇంకో మనిషికి అమ్ముకుంటే చాలా రాష్ట్రాల్లో అది కూడా లేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండిన మామూలు పౌరుడు పర్మిట్ లేకుండానే పిస్తోలు జేబులో పెట్టుకుని తిరగొచ్చు.

మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. లైసెన్స్ అడిగినవాడు ఎందుకు కావాలో చెప్పుకోవాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. తుపాకీ వాడకంలో తాలీమ్ తీసుకున్నట్టు చూపించాలి. 2019లో చట్టాన్ని ఇంకా బిగించారు. ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్న ఇజాజత్‌ను రెండుకు తగ్గించారు. షాదీల్లో ఖుషీ కొద్దీ గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా ఖైద్, లేదా లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. ఈ దేశంలో దొంగ తుపాకులు లేవని ఎవరూ అనలేరు. కానీ గుస్సా వచ్చిన ప్రతివాడూ సాయంత్రం దుకాణానికి వెళ్లి ఒకటి కొనుక్కు రాలేడు. ఆ మాత్రం అడ్డం ఎంత విలువైనదో, అడ్డం లేని దేశానికి పిల్లల్ని పంపిన మనకే ఎక్కువ తెలియాలి.

మా డల్లాస్ దోస్త్ చెప్పిన మాటను నేను హల్కాగా తీసెయ్యడం లేదు. అతని దుకాణంలో ఒకసారి దొంగలు పడ్డారు. పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోయింది. పేరు చూసి, గడ్డం చూసి, బేగం హిజాబ్ చూసి మొహం మాడ్చుకునేవాళ్లు రోజూ ఎదురవుతారు. "నా హిఫాజత్ నేను చూసుకోవద్దా?" అన్నాడు. ఇక్కడ మనలో కూడా అలా అడిగేవాళ్లు పెరిగారు. టీవీ పెడితే చాలు, ఖౌఫ్ ఇంట్లోకి వస్తుంది. ఆ ఖౌఫ్ అబద్ధం కాదు. దానికి పిస్తోలు మందు అవుతుందా అన్నదే సవాల్.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో జరిగింది గుర్తు చేసుకోండి. మన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల, అతని దోస్త్ పని అయ్యాక ఒక బార్‌లో కూర్చున్నారు. ఆడమ్ ప్యూరింటన్ అనేవాడు వాళ్లను ఇరాన్‌వాళ్లనుకుని దేశం విడిచి పొమ్మని గొడవ పెట్టాడు. బార్‌వాళ్లు అతన్ని బయటికి పంపేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయారు, దోస్త్ గాయపడ్డాడు. అడ్డుపడిన ఇయన్ గ్రిల్లట్ అనే తెల్లవాడికీ గోలీలు తగిలాయి. మన మీద నఫ్రత్‌తో వచ్చిన గోలీ ఒక తెలుగు హిందూ బిడ్డ ప్రాణం తీసింది. బయటికి వెళ్లినవాడి చేతికి తుపాకీ దొరక్కపోతే అది ఒక తాగుబోతు కూతగా మిగిలేది.

అంతకు రెండేళ్ల ముందు, 2015 ఫిబ్రవరి 10న, నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో పక్కింటివాడు ముగ్గురు ముస్లిం పిల్లల్ని వాళ్ల ఇంట్లోనే చంపాడు. కొత్తగా పెళ్లయిన జంట, ఆ అమ్మాయి చెల్లెలు. పార్కింగ్ మీద అతను వాళ్లతో గొడవ పడేవాడు. అతని దగ్గర తుపాకీ దాచుకుని తిరగడానికి పర్మిట్ ఉంది. లైసెన్స్ ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడైపోడు.

ఇది అమెరికా కహానీ మాత్రమే అనుకుంటే ఆదిలాబాద్ చూడండి. 2020 డిసెంబర్ 18, తాటిగూడ మొహల్లా. పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పెద్దల దాకా వచ్చింది. మున్సిపాలిటీ మాజీ వైస్ ఛైర్మన్, అప్పటి మజ్లిస్ జిల్లా అధ్యక్షుడు ఫారూఖ్ అహ్మద్ తన లైసెన్స్ తుపాకీ తీసి కాల్చాడు. ముగ్గురు గాయపడ్డారు, వాళ్లలో ఒకరు హైదరాబాద్ దవాఖానలో చనిపోయారు. 2022లో కోర్టు యావజ్జీవ ఖైద్ వేసింది. చంపినవాడూ మనవాడే, చనిపోయినవాడూ మనవాడే, వీధి కూడా మనదే. ఆ తుపాకీకి లైసెన్స్ అడిగినప్పుడు ఆయన హిఫాజత్ కోసమనే అడిగి ఉంటాడు. చివరికి అది పిల్లల ఆట మీద బయటికొచ్చింది. తుపాకీ లేకపోతే ఆ రోజు నలుగురి చొక్కాలు చినిగేవి, మర్నాడు పెద్దలు కూర్చోబెట్టి సులహ్ చేసేవాళ్లు.

ఖౌఫ్‌తో కొన్న తుపాకీ ఖౌఫ్ కోసమే ఆగి ఉండదు. అది ఇంట్లోనే ఉంటుంది. గుస్సా వచ్చిన రోజూ ఉంటుంది, దిల్ విరిగిన రోజూ ఉంటుంది. 2023లో అమెరికాలో తుపాకులతో 46,728 మంది చనిపోయారు. వాళ్లలో 27,300 మంది ఖుద్‌కుషీ చేసుకున్నవాళ్లు. సగానికంటే ఎక్కువ. ఆ లెక్క చూసినప్పుడు నాకు దొంగలు గుర్తుకు రారు. ఉద్యోగం రాక, లోను వాయిదా కట్టలేక, వీసా గడువు దగ్గర పడి, ఇంటికి ఫోన్ చేసి "అంతా ఖైరియత్ అమ్మీ" అని చెప్పే పిల్లలు గుర్తుకొస్తారు. అలాంటి గదిలో, అలాంటి రాత్రి, ఆ సొరుగు ఖాళీగా ఉండాలి. మనిషి మనసు మారడానికి ఒక్క రాత్రి చాలు. గోలీ ఆ ఒక్క రాత్రి ఇవ్వదు.

మస్జిద్‌ల సంగతేమిటని అడుగుతారు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జుమా నమాజ్ వేళ రెండు మస్జిద్‌లలో 51 మంది షహీద్ అయ్యారు. వాళ్లలో మన హైదరాబాద్ బిడ్డలున్నారు. చంపినవాడికి అక్కడి తుపాకీ లైసెన్స్ ఉంది. ఆ తర్వాత అక్కడి ముస్లింలు ఇంటికో తుపాకీ కావాలని అడగలేదు. వారం తిరగకుండానే ప్రధాని జసిండా ఆర్డర్న్ సైన్యం వాడే తరహా తుపాకుల మీద నిషేధం ప్రకటించారు. ఏప్రిల్ 10న పార్లమెంటు 119 ఓట్లకు ఒక్క ఓటు తేడాతో కాదు, ఒక్క ఓటు మాత్రమే వ్యతిరేకంగా పడి, ఆ చట్టాన్ని పాస్ చేసింది. ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక ఇదే చేసింది. జనం దగ్గరి నుంచి లక్షల తుపాకులు ప్రభుత్వం కొని నాశనం చేసింది. మస్జిద్ కమిటీ పెట్టుకున్న తాలీమ్ ఉన్న గార్డు వేరు, మంచం పక్క సొరుగు వేరు. గార్డుకు జిమ్మేదారీ ఉంది, జవాబు చెప్పాల్సిన కమిటీ ఉంది. సొరుగును అడిగేవాళ్లెవరూ లేరు.

మన దీన్‌లో ఈ మజాక్ మీద సాఫ్‌గా మాట ఉంది. తోటి మనిషి వైపు ఆయుధం చూపించడాన్ని, సొంత తమ్ముడి వైపైనా సరే, నబీ కరీం సల్లల్లాహు అలైహి వసల్లం మనా చేశారు. బాణాలు పట్టుకుని మస్జిద్‌లోకో బజారులోకో వచ్చేవాళ్లు వాటి మొనలు చేత్తో పట్టుకోవాలన్నారు, ఎవరికీ గీసుకోకుండా. సఫర్‌లో నిద్రపోతున్న సహచరుడి వస్తువు ఒకటి మజాక్‌కు తీసి అతన్ని ఉలిక్కిపడేలా చేసినప్పుడు, ముస్లింను అలా భయపెట్టడం జాయిజ్ కాదన్నారు. నవ్వులాటకు కూడా ఒక హద్దు గీసిన దీన్ మనది. బారాత్‌లో మర్ఫా మోగగానే తల్వార్ తిప్పి రీల్ పెట్టే నౌజవాన్లకూ, నాటు పిస్తోలు పట్టుకుని ఫొటో దిగి స్టేటస్ పెట్టే పోరగాళ్లకూ ఈ హద్దు ఇంట్లోనే చెప్పాలి. పోలీసు స్టేషన్‌లో చెప్పించుకునేదాకా ఆగొద్దు.

ఇక మనం చేయగలిగింది. అమెరికాలో పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఓటుంది. ప్రతి అమ్మకానికీ పాత కేసుల తనిఖీ ఉండాలని, ఇంట్లో తుపాకీ ఉంటే తాళంలో ఉండాలని అడిగే అభ్యర్థి ఎవరో చూసి వెయ్యాలి. ఈద్ మిలాప్‌లో అందరూ కలిసినప్పుడు ఈ ముచ్చట కూడా తేవాలి. ఇక్కడున్న మనకు ఆ ఓటు లేదు. కానీ కన్సల్టెన్సీలో కూర్చున్నప్పుడు ఫీజు, స్కాలర్‌షిప్ అడిగే నోటితోనే గది ఏ ఇలాఖాలో, రాత్రి బస్సు ఉందా, ఖర్చులకు ఏ పని చేయాల్సి వస్తుంది అని అడగొచ్చు. గ్యాస్ స్టేషన్ నైట్ డ్యూటీ అంటే వద్దనొచ్చు, ఆ నాలుగు డాలర్లు మనమే ఎలాగోలా పంపొచ్చు.

ఇంకొకటి ఏ ఖర్చూ లేనిది. వీడియో కాల్‌లో రోజూ "నమాజ్ చదివావా బేటా, తిన్నావా" అని అడుగుతాం. ఈ వారం ఇంకో మాట కలపండి: "నీ గదిలో గానీ, నీతో ఉండేవాళ్ల దగ్గర గానీ తుపాకీ ఉందా?" డాంటకండి, కసమ్‌లు వేయించకండి. డాంటితే వచ్చేసారి నిజం రాదు. ఉందంటే ఎందుకు కొన్నావని మెల్లగా అడగండి. ఆ జవాబులో తుపాకీ కంటే ముందు ఒక ఖౌఫ్ ఉంటుంది. ఆ ఖౌఫ్‌ను మన బిడ్డ పిస్తోల్‌తో కాకుండా మనతో మాట్లాడుకోవాలి.